పొట్టేలు తొడ ముక్కలు కొట్టించకుండా ఇంట్లో వండుకోవాలంటే

ఇరవై మూడేళ్లు సరుకు ఓడల మీద కుక్‌గా పనిచేశాను. నేను పనిచేసిన ఓడల్లో ఆదివారం మధ్యాహ్నం ఆఫీసర్లకి లాంబ్ లెగ్ రోస్ట్ పెట్టడం ఆనవాయితీ. మైనస్ 18 డిగ్రీల గదిలో గడ్డకట్టి ఉన్న న్యూజిలాండ్ కాలుని శుక్రవారం రాత్రి తీసి చల్లగదిలో పెట్టేవాణ్ణి. ఆదివారం పొద్దున్న దానికి వెల్లుల్లి గుచ్చి, ఉప్పూ మిరియాల పొడీ రుద్ది, 180 డిగ్రీల ఓవెన్‌లోకి తోసేవాణ్ణి. అరకిలోకి ఇరవై నిమిషాల లెక్క. పైన ఎర్రగా కాలి, లోపల గులాబీ రంగులో, కత్తి పెడితే వెన్నలా దిగేది.

2011 కనుమకి సెలవు మీద విశాఖలో ఇంట్లో ఉన్నాను. అందరికీ ఓడ వంట రుచి చూపిద్దామని పొట్టేలు తొడ మొత్తంగా తెచ్చి, సరిగ్గా అదే పద్ధతిలో ఓవెన్‌లో కాల్చాను. పైకి చూడటానికి చాలా బాగుంది. మా మామయ్యగారు ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. ఏమీ అనలేదు. ఆ ముక్క మెల్లిగా పళ్లెం అంచున పెట్టి, గారెలు కోడికూరలో నంజుకుని తిన్నారు. ఆ రాత్రి మా ఆవిడ అంది, "మీ ఓడలోది పచ్చిక మేసిన పిల్ల. ఇది కొండలెక్కి తిరిగింది. రెండూ ఒకేలాగ ఎలా ఉడుకుతాయండీ?"

అసలు సంగతి అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. విదేశాల్లో లాంబ్ అంటే ఏడాది నిండని గొర్రెపిల్ల. దాని కండలో కొవ్వు ఉంటుంది, పీచు తక్కువ. మన దగ్గర దొరికేది బాగా తిరిగి పెరిగిన పొట్టేలు, లేదా మేకపోతు. కొవ్వు తక్కువ, కండ గట్టి. కండల మధ్య, కీళ్ల దగ్గర, పిక్క చుట్టూ తెల్లటి నరాల్లాంటి పొరలు చాలా ఉంటాయి. ఆ పొరలు కరిగి జిగురు కావాలంటే వేడి ఒక్కటే చాలదు. తేమ కావాలి, చాలా సమయం కావాలి. అందుకే మన కాలుని ముందు మూతపెట్టి ఉడికించాలి, ఆ తర్వాతే మూత తీసి కాల్చాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

కాలు ఎంచుకోవడం

మటన్ షాపులో ముందు రోజే చెప్పి పెట్టుకోండి. ఆదివారం ఎనిమిదింటికి వెళ్లి కాలు మొత్తంగా ఇమ్మంటే దొరకదు, అప్పటికే కత్తి పడిపోయి ఉంటుంది. నేను వెళ్లే గోపాలపట్నం షాపు అతను నన్ను చూడగానే "గురూగారూ, తొడ పక్కన పెట్టమంటారా?" అని అడుగుతాడు. ఆ పరిచయం కోసం మూడు నాలుగు వారాలు వరసగా వెళ్లాలి, అంతే.

కిలోన్నర కాలు తీసుకోండి. ఆరుగురికి సరిపోతుంది. రెండు కిలోలు దాటిందంటే ముదురుదని అర్థం, పైగా ఇంట్లో గిన్నెల్లో పట్టదు. మాంసం లేత ఎరుపులో ఉండాలి, కొవ్వు తెల్లగా ఉండాలి. కండ నల్లబడిన ఎరుపులో ఉండి కొవ్వు పసుపు తిరిగితే వయసైపోయిన జీవం. అది కూరకి పనికొస్తుంది, మనకి కాదు. పొట్టేలా మేకా అని అడగండి. రెండూ వండొచ్చు, కానీ మేకకి కొవ్వు ఇంకా తక్కువ కాబట్టి సమయం ఎక్కువ ఇవ్వాలి. ఛాయిస్ ఉంటే ఈ వంటకి నేను పొట్టేలే అంటాను.

షాపులో మూడు పనులు చేయించుకోండి. తుంటి ఎముక తీయించాలి, లేకపోతే చివర్లో కోసేటప్పుడు కత్తికి అడ్డం పడుతుంది. పైన అంటుకుని ఉన్న పల్చటి గట్టి పొరని, కాయితంలా ఉంటుంది, ఒలిపించాలి. కుక్కర్‌లో వండేవాళ్లైతే పిక్క ఎముక మీద ఒక్క దెబ్బ వేయించి, తెగకుండా మడత పడేలా చేయించుకోవాలి.

ఒక పని మాత్రం ఇంట్లో మీరే చేయాలి. తొడ వెనక వైపు, మోకీలుకి కాస్త పైన, రెండు కండలు కలిసే చోట కొవ్వు ముద్ద ఒకటి కనిపిస్తుంది. వేళ్లతో ఆ కండల్ని విడదీసి ఆ కొవ్వులో తడిమితే వేరుశనగ గింజంత, బూడిద రంగులో, గట్టిగా ఉండే చిన్న గ్రంథి తగులుతుంది. దాన్ని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా కోసి పారేయండి. నాకిది ఓడలో మొదటి ఏడాది పెద్ద కుక్ చూపించాడు. నా చెయ్యి పట్టుకుని, నా వేలు దాని మీద పెట్టి, "ఇదీ" అన్నాడు. కాలు మొత్తంగా వండినప్పుడు వచ్చే ఘాటు వాసన చాలావరకు దాని దగ్గర నుంచే వస్తుంది. కూరకి ముక్కలు కొట్టించినప్పుడు అది ఏదో ఒక ముక్కలో కలిసిపోతుంది కాబట్టి మనం పట్టించుకోం.

ఒక రోజు ఆగడం

తెల్లవారుజామున కోసిన మాంసం ఏడింటికి తెచ్చి పదింటికి పొయ్యి మీద పెడతాం. ముక్కలైతే ఫరవాలేదు. మొత్తం కాలు అలా వండకండి. ప్రాణం పోయాక కొన్ని గంటల్లో కండ బిగుసుకుంటుంది, ఆ బిగువు సడలటానికి ఒక రోజు పడుతుంది. అప్పుడే తెచ్చినదాన్ని నేరుగా ఫ్రీజర్‌లో పెడితే మరీ నష్టం. బిగువు పూర్తవకముందే గట్టి చలి తగిలితే కండ ముడుచుకుపోయి, తర్వాత ఎంత ఉడికించినా ఆ గట్టిదనం కొంత మిగిలిపోతుంది. శనివారం పొద్దున్న తెచ్చి, తుడిచి, ఫ్రిజ్ కింద అరలో పెట్టి ఆదివారం వండుకోండి. ఫ్రీజర్ కాదు, కింద అర.

కడగటం గురించి ఇంట్లో ఎప్పుడూ వాదనే. కడిగితే మంచి నీళ్లతో ఒక్కసారి కడిగి, పొడి గుడ్డతో బాగా అద్దండి. తడి మీద మసాలా నిలవదు.

ఈ ఒక్క రోజులోనే ఉప్పు లోపలికి పోవాలి. కత్తి మొనతో రెండంగుళాలకి ఒకటి చొప్పున గాట్లు పెట్టండి. తొడ లావుగా ఉన్నచోట ఎముక తగిలేదాకా, పిక్క దగ్గర పైపైన. కిలోకి రెండు టీస్పూన్ల లెక్కన మెత్తటి ఉప్పు, ఒక టీస్పూన్ పసుపు కలిపి గాట్లలోకి వేలితో నొక్కండి. పాడేరు పసుపు దొరికితే అదే వాడండి, రంగూ వాసనా వేరే స్థాయిలో ఉంటాయి. తర్వాత మూడు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, ఒక నిమ్మకాయ రసం. ఇంతవరకు అన్ని పద్ధతులకీ ఒకటే.

పచ్చి బొప్పాయి గురించి ఒక హెచ్చరిక. అది మాంసాన్ని మెత్తబరుస్తుంది, నిజమే. కానీ పైన ఉన్న మాంసాన్నే ముందు పట్టుకుంటుంది. ఒకసారి రాత్రంతా ఉంచేశాను. పొద్దున్నకి పై అరంగుళం పిండిలా అయిపోయింది, లోపల మాత్రం ఎప్పటిలాగే ఉంది. మూత పెట్టి నిదానంగా ఉడికించే ఈ పద్ధతిలో అసలు దాని అవసరమే లేదు. ముదురు కాలు తప్పనిసరై వండుతుంటే కిలోకి ఒక పెద్ద చెంచా తొక్కతో రుబ్బిన ముద్ద, అదీ వండే ముందు రెండు గంటలు మాత్రమే.

కుక్కర్‌లో

ఓవెన్ లేని ఇంట్లో ఇదే దారి. ఉన్నవాళ్లకి కూడా నేను మొదటిసారి ఇలాగే వండమని చెబుతాను, తప్పు జరగటానికి చోటు తక్కువ.

పది లీటర్ల కుక్కర్ కావాలి. చుట్టాల్లో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది. పెరుగు మసాలా ఈ దశలో పెట్టకండి. అడుగంటి మాడుతుంది, మాడు వాసన మాంసమంతా పడుతుంది. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లితో రాత్రంతా ఊరిన కాలు చాలు.

అడుగున మాంసం నేరుగా ఆనకుండా ఏదైనా వేయాలి. మామూలు రోజుల్లో మందంగా చక్రాల్లా కోసిన ఉల్లిపాయలు. సంక్రాంతి రోజుల్లో అయితే ఇంట్లో చెరకు ఉంటుంది కదా, తొక్క తీసి జానెడు ముక్కలు కోసి, నిలువుగా చీల్చి అడుగున పక్కపక్కనే పేర్చండి. కాలు దాని మీద కూర్చుంటుంది, కింద రసంలోకి సన్నటి తీపి దిగుతుంది. అనకాపల్లి పక్కనే ఉన్న మనకి చెరకుకి కొదవేముంది.

దాని మీద రెండు బిర్యానీ ఆకులు, నాలుగు లవంగాలు, అంగుళం దాల్చిన చెక్క, నాలుగు యాలకులు. కాలు పెట్టి, గ్లాసున్నర నీళ్లు పక్క నుంచి పోయండి, మీద నుంచి కాదు. పెద్ద మంట మీద మొదటి విజిల్ రానివ్వండి. రాగానే మంట బాగా తగ్గించేయండి. ఇక్కడి నుంచి విజిల్స్ లెక్కపెట్టకండి, గడియారం చూడండి. ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది. పొట్టేలుకి ముప్పై అయిదు నిమిషాలు, మేకకి నలభై అయిదు. ఆవిరి బిగిసి ఉన్నప్పుడు లోపల వేడి 120 డిగ్రీల దగ్గర ఉంటుంది, అందుకే గంటల పని నిమిషాల్లో అవుతుంది. మంట ఆపాక వెయిట్ ఎత్తి ఆవిరి వదలొద్దు. తొందరపడితే కండలో తేమ ఒక్కసారిగా బయటికి వచ్చేస్తుంది. దానంతట అదే దిగాక మూత తీయండి.

ఉడికిందా లేదా ఎలా తెలుస్తుంది? పిక్క చివర చూడండి. మాంసం పైకి జరిగి, రెండు వేళ్ల మందం ఎముక తెల్లగా బయటపడి ఉండాలి. తొడ లావుగా ఉన్నచోట పుల్ల గుచ్చితే పట్టు లేకుండా దిగాలి, పైకి లాగితే మాంసం దాని వెంట లేవకూడదు. ఎముక కనిపించకపోతే ఇంకో పది నిమిషాలు పెట్టండి. ఉడికాక ఆ రసంలోనే పావుగంట వదిలేయండి. వేడి మీద ఎత్తితే విడిపోతుంది. ఎత్తేటప్పుడు రెండు అట్లకాడలు, కింద ఒక పళ్లెం.

ఇప్పుడు మసాలా. కుక్కర్‌లో మిగిలిన రసం వడకట్టి పక్కన పెట్టండి. వెడల్పాటి ఇనప మూకుడులో మూడు చెంచాల నెయ్యి, ఒక చెంచా నువ్వుల నూనె వేడి చేయండి. రెండు పెద్ద ఉల్లిపాయలు ఎర్రగా వేయించి రుబ్బిన ముద్ద, రెండు చెంచాల జీడిపప్పు ముద్ద, రెండు చెంచాల కారం, ఒక చెంచా వేయించి కొట్టిన ధనియాల పొడి వేసి నూనె తేలేదాకా వేయించండి. మంట తగ్గించి అరకప్పు గట్టి పెరుగు చిలికి కలపండి. రసం కొంచెం కొంచెంగా పోస్తూ ఇగరబెట్టండి. రసం ఇగిరేకొద్దీ ఉప్పు దానంతటదే పెరుగుతుంది, కాబట్టి ఇక్కడ ఉప్పు వేయొద్దు. చివర్లో ఒక చెంచా అనకాపల్లి బెల్లం తురుము. తీపి తెలియదు, కానీ మసాలా కాలుకి మెరుపులా అంటుకోవటానికి అదే కారణం.

చిక్కబడ్డాక కాలు అందులో పెట్టి, పెద్ద మంట మీద మూడేసి నిమిషాలకి ఒక వైపు తిప్పుతూ, గరిటెతో మసాలా తీసి మీద పోస్తూ ఉండండి. అంచుల్లో మసాలా నల్లబడటం మొదలవుతుంది, సన్నగా చిటపటమంటుంది. అప్పుడు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి చల్లండి. మన ఏజెన్సీలో కాఫీ తోటల్లో నీడ చెట్లకి పాకించి పండించే మిరియాలు ఉన్నాయే, అవి అప్పటికప్పుడు దంచి వేస్తే ఆ వాసనకి పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు తీసి చూస్తారు. పొడి డబ్బాలోది వద్దు.

బొగ్గుల మీద, తుఫాను మర్నాడు

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చిన రోజు. అప్పుడు మల్కాపురంలో పాత ఇంట్లో ఉండేవాళ్లం, పెరడు ఉండేది. నేను సెలవులో ఉన్నాను. ఇంట్లో ఫ్రీజర్‌లో పొట్టేలు తొడ ఒకటి ఉంది. కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. సోమవారం పొద్దున్న చూస్తే కాలు మధ్యలో ఇంకా గడ్డకట్టే ఉంది, కానీ సాయంత్రానికి ఉండదు. గ్యాస్ సిలిండర్ ఎంత ఉందో తెలియదు, దాన్ని అన్నానికీ పిల్లల పాలకీ దాచుకోవాలి.

పెరట్లో బాదం చెట్టు పడిపోయి ఉంది. వీధిలో ఎటు చూసినా విరిగిన కొమ్మలే. పచ్చి కొమ్మలు మండవు, కానీ ఇంటి వెనక షెడ్డులో పాత సర్వీ కట్టెలు కొన్ని తడవకుండా మిగిలాయి. పక్కింటి అక్కగారు పెళ్లిళ్లకి వాడే కళాయి పూసిన రాగి డేగిసా ఇచ్చారు. పెరుగు లేదు, నిమ్మకాయలు లేవు. ఉప్పు, పసుపు, అల్లం, వెల్లుల్లి, కారం, ధనియాలు, మిరియాలు, రెండు చెంచాల చిక్కటి చింతపండు పులుసు. అవే పట్టించాను. అడుగున ఉల్లిపాయలు పరిచి, కాలు పెట్టి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద బిగించాను. ఇటుకల మీద డేగిసా, కింద నిప్పులు, మూత మీద నిప్పులు. నలభై నిమిషాలకోసారి పైవి మార్చి కొత్తవి వేయటం. మూడు గంటలు.

పిండి ఎండి రాయిలా అయింది. సుత్తితో మెల్లగా తట్టి పగలగొట్టి మూత లేపాను. ముందు ఆవిరి వచ్చింది, తర్వాత వాసన. ఆ వాసనకి మా వీధిలో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గోడ దగ్గర నిలబడ్డారు. పిక్క ఎముక రెండంగుళాలు బయటికి వచ్చి ఉంది. నేను ఎముక పట్టుకుని కొంచెం తిప్పితే మాంసం నుంచి విడిపోయింది. కోయటానికి కత్తి అక్కర్లేకపోయింది. నాలుగిళ్ల వాళ్లం అన్నంలో ఆ రసం పోసుకుని తిన్నాం. 2011లో ముక్క పక్కన పెట్టిన మా మామయ్యగారు ఆరోజు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

ఓడ పద్ధతిని ఆరోజుతో ఒదిలేశాను. నిజానికి ఈ సంగతి నాకు అంతకుముందే తెలిసి ఉండాల్సింది. గ్రీసులో పిరేయస్ రేవులో ఓడ ఆగినప్పుడు క్లెఫ్టికో అని పెట్టారు. గొర్రె మాంసాన్ని నిమ్మరసం, వెల్లుల్లి, ఆకులతో కాయితంలో పొట్లం కట్టి గంటల తరబడి కాలుస్తారు. క్లెఫ్టిస్ అంటే వాళ్ల భాషలో దొంగ. కొండల్లో దాక్కున్నవాళ్లు మందలోంచి దొంగిలించిన గొర్రెని పొగ బయటికి రాకుండా గోతిలో పూడ్చి వండేవారని, అందుకే ఆ పేరని అక్కడివాళ్లు చెబుతారు. మన అరకులో వెదురు బొంగులో కోడి కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద దొర్లించేది కూడా అదే ఆలోచన. తేమ బయటికి పోకూడదు. అరకు మా ఇంటికి మూడు నాలుగు గంటల దూరం. నేను మాత్రం అది నేర్చుకోవటానికి పిరేయస్ దాకా, తుఫాను దాకా వెళ్లాను.

డాబా మీద మీకు వీలుంటే ఇలా వండండి. బొగ్గులు వాడేటప్పుడు మూసిన గదిలో వద్దు, బాల్కనీ కూడా వద్దు. గాలి ఆడే చోటే.

ఓవెన్‌లో

ఇప్పుడు మర్రిపాలెంలో అపార్ట్‌మెంట్. ఇటుకలు, నిప్పులు కుదరవు కాబట్టి తుఫాను మర్నాడు డేగిసాలో జరిగినదాన్నే ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, చేస్తున్నాను.

కాలు కొనే ముందే ఓవెన్ లోపల టేపుతో కొలవండి. చిన్న ఓటీజీల్లో అడ్డంగా ముప్పై అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు. పిక్క విరిపించి మడవాల్సి వస్తుంది. ఇంకో సంగతి, ఓటీజీ బటన్ మీద ఉన్న అంకెని నమ్మకండి. మా ఇంట్లోది 180 అంటే లోపల 200 పైన ఉంటుంది. లోపల పెట్టుకునే చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదు, కేకులకి కూడా పనికొస్తుంది.

ఇక్కడ పెరుగు మసాలా ముందే పట్టించొచ్చు. ఉప్పు పట్టించిన కాలుకి ఆరు గంటల తర్వాత, గుడ్డలో కట్టి నీళ్లు కార్చిన గట్టి పెరుగు ముప్పావు కప్పు, పైన చెప్పిన ఉల్లిపాయ, జీడిపప్పు ముద్దలు, కారం, ధనియాల పొడి, రెండు చెంచాల నూనె కలిపి గాట్లలోకి దట్టించండి. రాత్రంతా ఫ్రిజ్‌లో. వండే ముందు ముప్పావుగంట బయట పెడితే చాలు, మన విశాఖ ఉక్కలో అంతకంటే ఎక్కువ ఉంచటం మంచిది కాదు.

చాలామంది కాలుని నేరుగా అల్యూమినియం ఫాయిల్‌లో చుడతారు. పెరుగు, నిమ్మరసం పులుపు తగిలి ఫాయిల్‌కి చిన్న చిన్న చిల్లులు పడతాయి, మాంసానికి లోహపు రుచి అంటుతుంది. మధ్యలో అరిటాకు పెట్టండి. ఆకుని ఈనె తీసి, స్టవ్ మంట మీద అటూ ఇటూ ఆడించండి. ముదురాకుపచ్చ రంగు తిరిగి, మైనం రాసినట్టు మెరుస్తుంది. అప్పుడది చీలకుండా వంగుతుంది. రెండు ఆకులు ప్లస్ గుర్తులా పరిచి, మధ్యలో ఉల్లి చక్రాలు, వాటి మీద కాలు. ఆకులు మూసి, దాని మీద రెండు పొరల ఫాయిల్ ఎక్కడా సందు లేకుండా బిగించండి. ట్రేలో అడుగున ఒక గ్లాసు వేడి నీళ్లు.

పావుగంట ముందే వేడెక్కించిన ఓవెన్‌లో 160 డిగ్రీలు, కింది రాడ్ పై రాడ్ రెండూ. పొట్టేలుకి మూడు గంటలు, మేకకి మూడున్నర. మధ్యలో తెరిచి చూడకండి. గంటన్నర దగ్గర ట్రేలో నీళ్లు ఇంకిపోయాయేమో ఒక్కసారి చూసి, కావాలంటే అరగ్లాసు వేడి నీళ్లు పోయండి, అంతే. కరెంటు పోతే కంగారు పడొద్దు, తలుపు మూసే ఉంచండి. అరగంట వరకు వేడి నిలుస్తుంది, వచ్చాక ఆ సమయం కలుపుకోండి. అంతకు మించి రాకపోతే కుక్కర్‌లోకి మార్చేయండి.

సమయం అయ్యాక ఫాయిల్ ఒక మూల తెరిచి, చేరిన రసం గిన్నెలోకి వంచండి. ఫాయిల్, ఆకులు పూర్తిగా తీసేసి, ఓవెన్ 220 డిగ్రీలకి పెంచి, ఇరవై నిమిషాలు కాల్చండి. ఆ రసం సగానికి ఇగరబెట్టి, నెయ్యి కలిపి, రెండుసార్లు బ్రష్‌తో పూయండి. పూసిన ప్రతిసారీ రంగు ఒక మెట్టు ముదురుతుంది. వంకాయ రంగుకి దగ్గరైన ఎరుపు వచ్చాక ఆపండి.

లేత కాలు దొరికితే

దిగుమతి చేసిన ఫ్రోజెన్ లాంబ్ ఎక్కడైనా దొరికితే, దాన్ని ఇలా వండి పాడు చేయకండి. దానికి ఓడ పద్ధతే. ఫ్రిజ్‌లో ఒకటిన్నర రోజు కరగనివ్వండి. వెల్లుల్లి, ఉప్పు, మిరియాలు, నూనె. 180 డిగ్రీలు, అరకిలోకి ఇరవై నిమిషాలు. లావైన చోట ఎముకకి తగలకుండా థర్మామీటర్ గుచ్చి, 60 రాగానే తీసేయండి. బయట ఉన్నా లోపల వేడి ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కుతుంది. ఇరవై నిమిషాలు కదపొద్దు. మన ఇళ్లలో పెద్దవాళ్లు గులాబీ రంగు మాంసం తినరు, వాళ్లుంటే 70 దగ్గర తీయండి. కొంచెం రసం తగ్గుతుంది, అయినా మెత్తగానే ఉంటుంది.

కోయటం, మిగిలింది

పిక్క ఎముకని గుడ్డతో పట్టుకుని, పీచు పోయే దిక్కుకి అడ్డంగా కోయండి. పీచు వెంట కోస్తే ఎంత బాగా ఉడికినా పళ్లలో సాగుతుంది. కనుమ రోజు మాకు గారెలతోనే. ఆరోజు మినుము తినాలంటారు కదా, ఆ గారెని మూకుడులో మిగిలిన మసాలాలో తుంచి ముంచుకుంటే కాలు మాటే మర్చిపోతారు. మామూలు ఆదివారం వేడి అన్నం, పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క చాలు. పలావు వద్దు, రెండు మసాలాలు ఒకదాన్నొకటి తినేస్తాయి.

మిగిలిన మాంసం మర్నాడు పీచులుగా తీసి గోంగూరతో వేయించుకోండి. ఎముక పారేయకండి. సుత్తితో ఒక్క దెబ్బ వేసి, ఆరు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, కొంచెం అల్లంతో కుక్కర్‌లో గంట పెట్టండి. మూలుగ అంతా దిగుతుంది. వడకట్టి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి మరిగిస్తే చారు. మా మనవరాలికి సోమవారం సాయంత్రం స్కూల్ నుంచి రాగానే స్టీలు గ్లాసులో ఇస్తాం.